రెండు జతల చక్రాలు

ఆ వానాకాలం రాకముందే మా చిన్న ట్రాక్టరు వెనక టైర్లు అరిగి అరిగి, పోయిన మా మామగారి బట్టతలలా నున్నగా తేలాయి. కొత్తవి వేయించక తప్పదు. ఏ రకం వేయించాలన్న దగ్గర మొదలైంది గొడవ. టైర్ల కోసం ఒక ఇల్లు రెండు ముక్కలు కాబోయిందంటే ఎవరైనా నవ్వుతారు. మా ఇంటి మనుషుల్ని చూసినవాళ్లు మాత్రం నవ్వరు.

ఉన్నదే ముగ్గురం. నేను, మా ఆయన, మా ఆయన అక్క. ఆవిడ నాకు వదిన. ఒకటే ఇల్లు, ఒకటే పొడుగాటి వరండా. ఆ చివర వదిన గదులు, ఈ చివర మావి. ఇంటి వెనక మెరక మీద వదిన లాన్ గడ్డి పెంచుతుంది. అది ఒత్తుగా ఎదిగాక వేళ్లతో సహా పలచగా కోసి, చాపల్లా చుట్టలు చుట్టి, ఇళ్ల ముందూ ఆఫీసుల ముందూ పరిపించుకునేవాళ్లకు అమ్ముతుంది. ఆ గడ్డి మీద ఆవిడ చెప్పులతో నడవదు, ఇంకొకళ్లని నడవనివ్వదు. మెరక దిగితే అంతా బంకమట్టి. అక్కడ మా ఆయన కాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి వేస్తాడు. వాన పడిందంటే ఆ మట్టి కాలు పెట్టినవాణ్ణి వదలదు. ఈ రెండు నేలలకూ కలిపి ఉన్నది ఒక్క ట్రాక్టరు. పొద్దున పూట వదినది, మధ్యాహ్నం నుంచి మా ఆయనది.

ఎవరైనా పెళ్లి మాటెత్తితే చాలు, గడ్డికి నీళ్లు పెట్టాలంటూ వదిన లేచి వెళ్లిపోయేదట. ఎత్తినవాళ్లే అలిసిపోయి మానేశారు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు ట్రాక్టరు నేర్పింది ఆవిడే. క్లచ్ మీద నా కాలు గడగడ వణుకుతుంటే పక్కనే నడుస్తూ, “భయపడితే పడు గానీ కాలు మాత్రం తియ్యకు” అంది. ఆ రోజు నుంచి నాకు ఈ ఇంట్లో అత్తగారు లేని లోటు తెలియలేదు. అక్కచెల్లెళ్లు లేని లోటూ తెలియలేదు.

అక్కాతమ్ముళ్ల మధ్య మాత్రం మామగారు పోయిన ఏడాది నుంచి మాటల్లేవు. కారణం, ఆయన పాత సైకిలు. అదెలాగో పాత సామాన్లవాడి బండెక్కి వెళ్లిపోయింది. నువ్విచ్చావంటే నువ్విచ్చావని వాకిట్లో నిలబడి ఇద్దరూ గొంతు చించుకున్నారు. చివరిసారి మాట్లాడుకున్నది అదే. గుండె నిండా దుఃఖం ఉన్న మనుషులు దేనిమీదో ఒకదానిమీద విరుచుకుపడాలి గదా. వాళ్లకు సైకిలు దొరికింది.

అప్పట్నుంచి ఇద్దరికీ మధ్య టెలిఫోను నేనే. ట్రాక్టరు తాళం ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు తీసుకోరు కనక నా వంటింట్లో మేకుకి వేలాడేది. పొద్దున్నే వరండాకి ఆ చివర వదిన, ఈ చివర మా ఆయన, మధ్యలో టీ గ్లాసులు పట్టుకుని నేను.

“మీ ఆయనకి చెప్పు, నిన్న డీజిల్ పోయించకుండా పెట్టాడని.”

మా ఆయన అక్కడే కూర్చుని బూట్ల మట్టి గీకుతున్నాడు. నేను ఆయన వైపు తిరిగి, “డీజిల్ పోయించలేదటండీ” అన్నాను.

“విన్నానని చెప్పు. పొద్దున సగం ట్యాంకు ఉందని కూడా చెప్పు.”

“సగం ఉందటండీ వదినా.”

“సగం సరిపోదు, నింపి పెట్టాలి గదా అని చెప్పు.”

మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైపోయి, మాట మోసేటప్పుడు కొంచెం ఉప్పు తగ్గించడం కూడా నేర్చుకున్నాను.

టైర్లు అరిగాయని తెలిసిన రోజున మాత్రం ఎంత తగ్గించినా లాభం లేకపోయింది. వదినకి గడ్డిని నొక్కని టైర్లు కావాలి. మా ఆయనకి బురదని కరిచి పట్టుకునే టైర్లు కావాలి. రెండూ ఒకే చక్రానికి ఎక్కవు. ఆ పూట వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి తిరిగి నా కాళ్లు పీక్కుపోయాయి.

“అయితే తేల్చేద్దామని చెప్పు,” అంది వదిన చివరికి. “ఈ వానాకాలం వెళ్లగానే ట్రాక్టరు అమ్మేద్దాం. వాకిట్లో గోడ పెట్టేద్దాం. ఎవరి నేల వాళ్లది, ఎవరి గొడవ వాళ్లది.”

“ఇటుకలు రేపే తెప్పిస్తానని చెప్పు,” అన్నాడు మా ఆయన.

ఆ మాట నేను చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడ వింది. మర్నాడు ఇటుకల లారీ వచ్చి వాకిటి మధ్యలో గుట్ట పోసి వెళ్లింది. మేస్త్రీ కూడా వచ్చి అడుగులు కొలుచుకుని, వానలు వచ్చి పోగానే పని మొదలెడతానన్నాడు. గోడ ఎక్కడ వస్తుందో చూస్తే, సరిగ్గా నా వంటింటి కిటికీ ముందు వస్తుంది. ఆ కిటికీలోంచి నాకు రోజూ కనబడేది వదిన. తల తుడుచుకుంటూనో, పళ్లు తోముకుంటూనో, గడ్డి కత్తి నూరుకుంటూనో కనబడుతుంది. ఇక మీదట ఇటుకలు కనబడతాయి. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

అయినా వానలు గడవాలి, రెండు పంటలు గట్టెక్కాలి. అందాకా టైర్లు కావాలి. ఏవి తేవాలో నన్నే ఎంచుకు రమ్మన్నారు ఇద్దరూ. నా మీద నమ్మకం కాదు, ఎదుటివాళ్ల మీద అపనమ్మకం.

షాపుకి వెళ్లేముందు వదిన నన్ను గడ్డిలోకి తీసుకెళ్లి చెప్పులు విప్పించింది. “మడమతో నొక్కు” అంది. నొక్కాను. గడ్డి మళ్లీ లేచింది. “చూశావా? లేస్తుంది. అదే పదునుగా ఉన్నదాంతో నొక్కితే వేరు తెగుతుంది. వేరు తెగితే చుట్ట చుట్టేటప్పుడు చేతిలో విడిపోతుంది. నేనేం మొండితనానికి అడగట్లేదమ్మాయ్.”

సాయంత్రం మా ఆయన నన్ను కింద పొలంలోకి తీసుకెళ్లి, కిందటేడు ట్రాక్టరు దిగబడిన గుంట చూపించాడు. అది ఇంకా పూడలేదు. “ఇక్కడ పొద్దున్నుంచీ నిలబడ్డాను. చక్రం తిరుగుతుంది, బండి కదలదు. కాబేజీ కోతకొచ్చి ఉంది. నేను మాత్రం మొండితనానికి అడుగుతున్నానా, నువ్వే చెప్పు.”

ఒకే పొట్టన పుట్టినవాళ్లని అప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వావని అడిగాడు. బురద గురించిలెండి అన్నాను.

టైర్ల షాపాయన మాట్లాడితే ఊపిరి తీసుకోడు. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే మూడు టైర్లు దొర్లించుకొచ్చి నా ముందు నిలబెట్టాడు.

“ఇదిగోనమ్మా, ఇది పొలం టైరు. పళ్లు చూడండి, బొటనవేలంత లోతు. బురదలో వేస్తే గోళ్లతో పట్టుకుని పాకినట్టు వెళ్తుంది. గడ్డి మీద వేశారా, దున్నేసినట్టే. ఇది పచ్చిక టైరు. వెడల్పు ఎక్కువ, పళ్లు చిన్నవి, బరువంతా పరుచుకుంటుంది, కాబట్టి కింద నేలకి నొప్పి తెలీదు. బురదలోకి దించారా, అరటి తొక్క మీద కాలు వేసినట్టే. ఇక ఇది మధ్య రకం. రోడ్డు పనులకీ, రాళ్లూరప్పలకీ వాడతారు. పళ్లున్నాయి గానీ పొట్టివి, లావు. అన్నిచోట్లా నడుస్తుంది.”

“అన్నిచోట్లా అంటే, గడ్డి మీదా బురదలోనా?”

“అన్నిచోట్లా అంటే అన్నిచోట్లానమ్మా. మీలాంటివాళ్ల కోసమే తయారుచేశారు.”

నా మనసు కుదుటపడింది. మధ్య రకం వేస్తే ఎవరితో ఎవరూ ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. పొద్దున ఆవిడ నడుపుకుంటుంది, మధ్యాహ్నం ఈయన నడుపుకుంటాడు, తాళం నా మేకు మీద ఉంటుంది. ఇంతకంటే ఏం కావాలి? టైర్లు బండికెక్కించుకుని ఇంటికి వస్తున్నంతసేపూ, నన్ను మించిన తెలివైనది ఈ చుట్టుపక్కల లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

వానలు దిగాయి. నా తెలివి వాటితో పాటే కొట్టుకుపోయింది.

ముందు వదిన. వాన వెలిసిన ఒక పొద్దున బండితో ఒక బారు తిరిగి వచ్చి, నా వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక గడ్డి ముక్క ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా ముందు చాచింది. మధ్యలో వరసగా అచ్చులు. ఇంకాస్త చాచేసరికి అచ్చుల వెంట విడిపోయింది. రెండు ముక్కల్నీ నా గడప మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే మా ఆయన బండిని కాబేజీ మళ్ల మధ్య వదిలేసి, మోకాళ్ల దాకా మట్టితో నడుచుకుంటూ వచ్చాడు. “పొట్టి పళ్లలో మట్టి నిండిపోయింది. ఇప్పుడది టైరు కాదు, రొట్టె,” అన్నాడు.

వరండాకి ఆ చివర నుంచి వదిన గొంతు: “నిజమేనని చెప్పు. నా దగ్గరా అంతే.”

నేను నోరు తెరిచాను. మా ఆయన గడ్డం గోక్కున్నాడు. “అక్కడ కూడా పాడైందా అని అడుగు.”

“అయిందని చెప్పు. ఇద్దరికీ పనికిరాని సరుకు తెచ్చావని నీకు నువ్వే చెప్పుకో.”

ఇన్నాళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడ్డది అదే మొదటిసారి, అదీ నన్ను తిట్టడానికి. నాకు కోపం రావాలి. లోపలికి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను.

మళ్లీ షాపుకి వెళ్లాను. మీ మధ్య రకం మా రెండు నేలల్లోనూ మునిగిందయ్యా అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. టైర్ల తప్పు కాదన్నాడు, వాన తప్పన్నాడు, కాసేపు నేల తప్పన్నాడు. అన్నీ అయ్యాక గుక్కెడు నీళ్లు తాగి, “మీకు రెండు జతలు కావాలమ్మా” అన్నాడు.

“రెండు జతల టైర్లా?”

“టైర్లు కాదు, చక్రాలు. ఇనప చక్రంతో సహా. ఒక జతకి పచ్చిక టైరు, ఒక జతకి పొలం టైరు. మీది వెనక చక్రాలే లాగే బండి కాబట్టి ముందువాటితో పేచీ లేదు. ఎవరి పని రోజున వాళ్ల జత. బోల్టులు విప్పడం, ఇది తీసి అది పెట్టడం, అంతే. పొలం జతలో నీళ్లు నింపిస్తాను, బరువుంటే పట్టు బాగుంటుంది.” కొంచెం ఆగాడు. ఆయన ఆగడం అదే మొదటిసారి చూశాను. “కాకపోతే ఒక్కళ్ల వల్ల అయ్యే పని కాదు. చక్రం నిలబెట్టి పట్టుకునేవాళ్లు ఒకళ్లు, జాకీ దగ్గర ఒకళ్లు, ఇద్దరుండాలి. మీ ఇంట్లో ఇద్దరున్నారా?”

“ఉన్నారు,” అన్నాను.

“అదే కష్టమనుకుంటే దానికీ మందుంది. రండి.” వెనక గదిలోకి తీసుకెళ్లి ఒక చిన్న ఇనప తోపుడు బండి చూపించాడు. కింద గిలకలు, ముందు రెండు లావాటి గొట్టాలు. చక్రాన్ని ఆ గొట్టాల మీద కూర్చోబెట్టి, పిడి తిప్పి ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తుకి లేపుకోవచ్చట. “ఇది ఉంటే ఒక్క మనిషి చాలు. ఇంకొకళ్లని బతిమాలే పని లేదు. ఎవరి చక్రాలు వాళ్లే మార్చుకోవచ్చు.”

దాన్ని అటూ ఇటూ తోసి చూశాను. చాలా తేలిగ్గా కదిలింది. పిడి కూడా నా చేతికి సరిగ్గా సరిపోయింది.

“బాగుంది,” అన్నాను. “మాకు అక్కర్లేదులెండి.”

వారం తిరక్కుండానే షాపాయన తన బండిలో రెండు జతలూ తెచ్చి వాకిట్లో దింపాడు. దింపినంతసేపూ వదినకి ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను టీ పెట్టి తెచ్చేసరికి వెళ్లిపోయాడు కూడా.

మర్నాడు గడ్డి పని ఆగింది. కాబేజీ మళ్లు పిలుస్తున్నాయి. అంటే పొలం జత ఎక్కించాలి. ఇద్దరూ వాకిట్లోకి వచ్చి, ట్రాక్టరుకి చెరో పక్కనా నిలబడి ఆకాశం వైపు చూశారు.

“ఇద్దరు కావాలట,” అన్నాను. “నాకా నడుం పట్టేసింది.” నడుం నిక్షేపంగా ఉంది.

జాకీ పెట్టబోతే వాకిట్లో నేల మెత్తగా నాని ఉంది. నాలుగు తిప్పులు తిప్పేసరికి బండి లేవడం మానేసి జాకీ కిందికి దిగింది. మా ఆయన చుట్టూ చూసి, ఇటుకల గుట్ట మీద నుంచి ఒకటి తీశాడు.

“అవి గోడకి తెచ్చినవని చెప్పు,” అంది వదిన.

“ఒక్కటేనని చెప్పు.”

ఒక్కటి చాలలేదు. ఒక వరస పరిచాడు. అది ఒక పక్కకి ఒరిగింది. వదిన కాసేపు చూసి, ఓర్చుకోలేక, తనే వంగి రెండో వరస అడ్డంగా పేర్చింది. అప్పుడు నిలిచింది జాకీ. ఇరుసు కింద కొయ్య దిమ్మెలు తోసి, మధ్య రకం టైరున్న చక్రం దింపారు. ఇక పొలం చక్రం ఎక్కించాలి. నీళ్లతో నిండిన ఆ చక్రాన్ని ఎత్తడం మనుషుల వల్ల కాదు. దొర్లించి, నిలబెట్టి పట్టుకుంటే, జాకీతో ఇరుసునే దాని ఎత్తుకి తీసుకురావాలి. బోల్టుల కంతలు ఎదురెదురుగా వచ్చాయో లేదో చక్రం పట్టుకున్నవాళ్లకే కనబడుతుంది. జాకీ దగ్గర కూర్చున్నవాళ్లకి ఏమీ కనబడదు. చక్రం వదిన పట్టుకుంది. జాకీ మా ఆయన చేతిలో ఉంది.

“ఇంకాస్త ఎత్తమని చెప్పు,” అంది వదిన.

“ఇంకాస్త ఎత్తాలటండీ,” అన్నాను.

ఎత్తాడు.

“చాలని చెప్పు.”

“చాలట...” నేను పూర్తి చేసేలోపల దాటిపోయింది.

“దించమని చెప్పు.”

“దించాలట...”

“ఆగమని చెప్పు!”

“ఆగాలట...”

మళ్లీ దాటిపోయింది. నా నోరు ఎంత వేగంగా తిప్పినా జాకీని అందుకోలేకపోయింది. మూడోసారో నాలుగోసారో వదిన ముఖం ఎర్రబడింది. చేతుల్లో చక్రం మెల్లగా అటు పక్కకి వాలడం మొదలుపెట్టింది.

“ఒరేయ్! పట్టుకో!”

“పట్టుకున్నానక్కా!”

జాకీ వదిలేసి వచ్చి అటు పక్కన భుజం ఆనించాడు. చక్రం నిలబడింది. ఇద్దరూ దానికి చెరో వైపునా ఆయాసపడుతున్నారు. నేను గుడ్లు మిటకరించుకుని చూస్తూ నిలబడిపోయాను. ఏమీ జరగనట్టు, వదిన నా వైపు తిరిగి, “వెళ్లి టీ పెట్టు” అంది.

వెళ్లాను. పొయ్యి వెలిగించాను గానీ పాలు పెట్టడం మర్చిపోయి కిటికీ దగ్గరే నిలబడ్డాను. బయటినుంచి “ఎత్తు... ఎత్తు... ఆగు” అని వినబడింది. కాసేపటికి “ఇంకో బోల్టు ఏది?” అని వినబడింది. “నీ కాలి కిందే ఉంది” అని వినబడింది. నాకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. పొయ్యి మాత్రం ఊరికే మండుతూనే ఉంది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధం. ఆ మధ్యాహ్నమే మా ఆయన బండిని పొలంలోకి దించి, ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే కొత్త టైర్లతో కూడా జారుతున్నాడు. వెనక్కి మాత్రం బాగా పోతోంది. ముందుకి తోలితే చక్రం మట్టిని వెనక్కి విసిరికొడుతోంది గానీ పట్టు చిక్కడం లేదు. నా వెనకే గట్టు దిగి వచ్చిన వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

“కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ పెట్టావు గదరా! పళ్ల మొనలు ఎటు తిరిగున్నాయో చూడు. టైరు మీద బాణం గుర్తు ఉంది, గుడ్డివాడికి కూడా కనబడుతుంది.”

“నేను పెట్టానా? చక్రం దొర్లించుకొచ్చింది ఎవరు?”

“దొర్లించింది నేను. బోల్టులు బిగించింది ఎవరు? బిగించేటప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు?”

“నువ్వు తొందరపెట్టావు!”

“తొందరపెట్టక? జాకీ ఎత్తమంటే గంటసేపు ఆలోచిస్తావు. చిన్నప్పట్నుంచీ అంతే. నాన్న సైకిలు కూడా అలాగే...”

“సైకిలు నువ్వే ఇచ్చావు!”

“నువ్వే ఇచ్చావు!”

కాబేజీ మళ్ల మధ్య, ఒకళ్ల ముఖంలోకి ఒకళ్లు చూసుకుంటూ, చేతులు తిప్పుకుంటూ, చెడామడా తిట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ “చెప్పు” అనలేదు. నేనొకదాన్ని అక్కడున్నానన్న సంగతే మర్చిపోయారు. నాకేమో పండగలా ఉంది. ఎన్నాళ్ల బాకీ తిట్లో, అన్నీ తీరేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. చివరికి మా ఆయన గట్టు మీద కూలబడి, “నాన్న ఆ సైకిలు మీద నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు” అన్నాడు.

“నన్ను వెనక,” అంది వదిన. అని, తమ్ముడి పక్కనే కూర్చుంది.

సైకిలు ఎవరిచ్చారన్నది ఈ రోజుకీ తేలలేదు.

ఆ సాయంత్రమే చక్రాలు విప్పి అటువి ఇటు మార్చారు. ఆ సీజనంతా వారం వారం చక్రాల మార్పిడి నడిచింది. గడ్డి కోసే రోజులకి పచ్చిక జత, మళ్లలోకి దిగే రోజులకి పొలం జత. వదిన చుట్టలు విడిపోకుండా లారీ ఎక్కాయి. మా ఆయన కాబేజీ బురదలోంచి బయటపడింది. వాళ్లిద్దరూ కబుర్లు చెప్పుకునే మనుషులు ఎప్పుడూ కారు. “స్పానరు ఇటియ్యి”, “దిమ్మె తొయ్యి”, “కాలు తీసుకో” ఇవే మాటలు. అయినా వాన పడ్డప్పుడల్లా ఒకళ్లు ఇంకో వరస ఇటుకలు పరిచేవాళ్లు. జాకీకని కొన్ని, విప్పిన చక్రం ఆనించడానికని కొన్ని, బోల్టులు బురదలో పడిపోకుండా అని కొన్ని. గుట్ట తరిగిపోతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. నేను ఆ ఊసే ఎత్తలేదు.

వానలు ఆగాయి. అన్న మాట ప్రకారం ఒక పొద్దున మేస్త్రీ తాపీ, తాడు పట్టుకుని వచ్చాడు. వాకిట్లో అటు చూశాడు, ఇటు చూశాడు.

“గోడకి తెచ్చిన ఇటుకలేవమ్మా?”

వదిన ట్రాక్టరుకి నూనె పెడుతోంది. తలెత్తకుండానే, “వాటి మీదే నుంచున్నావయ్యా” అంది.

మేస్త్రీ కాళ్ల కిందికి చూసుకున్నాడు. వాకిటి మధ్యలో నాలుగు మంచాలంత మేర, నీటుగా పరిచిన ఇటుకల గచ్చు. “మళ్లీ తెప్పిస్తారా?” అని అడిగాడు. వదిన మా ఆయన వైపు చూసింది. మా ఆయన వదిన వైపు చూశాడు. ఇద్దరూ నా వైపు చూడలేదు.

“సందుల్లో సిమెంటు పూసి వెళ్లు,” అన్నాడు మా ఆయన. “కుదురుగా ఉంటుంది.”

అప్పట్నుంచి నాకు ఆ ఇంట్లో పెద్ద పని పోయింది. పొద్దున వరండాలో టీ గ్లాసులు చేతికిచ్చి నేనూ కూర్చుని తాగుతాను. తాళం మాత్రం ఇంకా నా మేకు మీదే ఉంటుంది, అది అలవాటు.

గోడ మాట పోయిన కొన్నాళ్లకి మా ఆయన బోల్టుల కోసం టైర్ల షాపుకి వెళ్లొచ్చాడు. భోజనం చేస్తూ, గొంతు తగ్గించి, “నీకో సంగతి చెప్తాను, అక్కకి చెప్పకు” అన్నాడు. “షాపులో ఒక తోపుడు బండి చూశాను. చక్రాలు ఒక్కడే మార్చేయొచ్చట. ఎవరి సాయమూ అక్కర్లేదట.”

“అలాగా,” అన్నాను. “తీసుకుందామా మరి?”

“ఎందుకూ దండగ,” అన్నాడు. పళ్లెం వైపు చూస్తూ ఇంకో రెండు ముద్దలు తిన్నాడు. “అక్కకి తెలిస్తే కొనేద్దామంటుంది. చెప్పకు.”

మర్నాడు పొద్దున గడ్డి అంచున చెప్పులు విప్పి కూర్చుని, నేనూ వదినా టీ తాగుతున్నాం. ఆవిడ ఉన్నట్టుండి, “ఆ చక్రాలు దింపడానికి వచ్చిన రోజునే షాపాయన నాకొక సంగతి చెప్పాడు” అంది.

నేను గ్లాసులోకి చూశాను.

“ఏదో తోపుడు బండి ఉందట. నీకు చూపిస్తే వద్దన్నావట.” ఆవిడ కాలితో గడ్డిని నొక్కింది, వదిలింది. గడ్డి లేచింది. “మంచి పని చేశావు. వాడికి మాత్రం చెప్పకు. తెలిస్తే పరిగెత్తుకెళ్లి కొనుక్కొస్తాడు.”

చెప్పనన్నాను. అన్నేళ్లు ఇద్దరి మధ్యా ఎన్ని మాటలు మోశానో లెక్కలేదు. ఆ రెండు మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంచుకున్నాను.